ఏప్రిల్ సినిమా సాయంత్రం (టోక్యో): పోస్టర్, తేదీ, పనుల పంపకం

సినిమా చూసుకునేవారు:
అందరికీ నమస్కారం. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ నౌకాదళాన్ని నడిపిన అడ్మిరల్ యమమోటో ఇసొరొకు మీద 2011లో వచ్చిన జపాన్ సినిమానే వేద్దాం. కోజీ యకుషో ఆయన పాత్ర వేశారు. హక్కులున్న సంస్థకు ఉత్తరం రాశాను. అనుమతి వచ్చేదాకా హాలుకు డబ్బు కట్టొద్దు.

పోస్టర్ మీద "యుద్ధం వద్దన్న వీరుడు" అని రాశారు. దయచేసి అది మార్చండి. జర్మనీ, ఇటలీలతో పొత్తు వద్దని ఆయన గట్టిగా వాదించిన మాట నిజమే. హార్వర్డ్‌లో చదివి, వాషింగ్టన్‌లో పనిచేసి, అమెరికా బలమేంటో కళ్లారా చూసినవాడు. చంపేస్తామని బెదిరింపులు కూడా వచ్చాయి. కానీ అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ మీద దాడి పథకం ఆయనదే. పైవాళ్లు వెనకాడితే, రాజీనామా చేస్తానని చెప్పించి మరీ ఒప్పించాడు.

1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసిన విమానాలు ర్యూజో అనే యుద్ధనౌక నుంచి లేచాయి. అది ఆయన కింద ఉన్న నౌకాదళంలోదే. ఆ రోజుల్లో మా అమ్మమ్మ వాళ్లు మూటాముల్లె సర్దుకుని ఊరు వదిలిపోయారు. విమానం చప్పుడు వినిపిస్తే చాలు, ఆవిడ చివరిదాకా ఉలిక్కిపడేది. వీరుడు అనే మాట నేను రాయలేను. "వద్దంటూనే యుద్ధం నడిపిన సేనాని" అందాం.

భోజనాలు చూసుకునేవారు:
సరే అన్నా, మార్చేద్దాం. 6వ తేదీ దగ్గర మాత్రం పెట్టొద్దు, అప్పుడే స్కూళ్లు తెరుస్తారు, పిల్లలున్నవాళ్లకు టెన్షన్. రెండో శనివారం పెట్టండి. పులిహోర, పెరుగన్నం 60 మందికి ఇంటి దగ్గరే వండి తెస్తాం. చెత్త సంచులు ఎవరైనా తేవాలి.

పిల్లలను చూసుకునేవారు:
బాంబుల సీన్లు చిన్నపిల్లలకు వద్దు. పక్క గదిలో బొమ్మలు వేయిస్తాను. ఇంతకీ జపాన్ వాళ్లను పిలుస్తున్నామా? వాళ్లు నొచ్చుకుంటారేమో.

సినిమా చూసుకునేవారు:
తప్పకుండా పిలుద్దాం అక్కా. యమమోటో పుట్టిన నాగఓకా 1945 ఆగస్టు 1 రాత్రి అమెరికా బాంబులకు కాలిపోయింది. పోయినవాళ్ల కోసం ఇప్పటికీ ఏటా ఆగస్టు 2, 3 తేదీల్లో నది ఒడ్డున బాణసంచా కాలుస్తారు. అలాంటి ఊళ్లున్న మనుషులకు విశాఖ సంగతి చెబితే నొచ్చుకోరు, వింటారు. సినిమాకు ముందు పది నిమిషాలు ఈ రెండు ఊళ్ల గురించి నేను తెలుగులో మాట్లాడతాను. దాన్ని జపనీస్‌లో చెప్పేవాళ్లు కావాలి. ఎవరు ముందుకొస్తారు? ఆదివారంలోగా ఇక్కడే చెప్పండి.