టాస్క్‌బార్ మీది ఫోల్డర్ మెనూ పోయింది, మీరేం చేస్తున్నారు?

అచ్చుపని:
మాది చిన్న డీటీపీ షాపు. విండోస్ 10 ఉన్నన్నాళ్లూ టాస్క్‌బార్ మీద రైట్‌క్లిక్ చేసి, టూల్‌బార్లలో ‘పనులు’ అనే ఫోల్డర్ పెట్టుకున్నాను. పక్కనున్న జంట బాణాలు నొక్కితే పెళ్లిపత్రికలు, అందులో ఊళ్లు, అందులో ఫైళ్లు మెట్లుమెట్లుగా విచ్చుకునేవి. విండోస్ 11లో ఆ టూల్‌బార్లనే తీసేశారు. మూఢం వెళ్లి ముహూర్తాలు మొదలయ్యాయంటే కౌంటర్ దగ్గర జనం, ఇక్కడ ఫోల్డర్లు తవ్వుకుంటూ నేను.

పాతమౌస్:
ఫోల్డర్ మీద రైట్‌క్లిక్ చేసి క్విక్ యాక్సెస్‌కు పిన్ చేయండి. ఆ తర్వాత టాస్క్‌బార్‌లోని ఫైల్ ఎక్స్‌ప్లోరర్ గుర్తు మీద రైట్‌క్లిక్ చేస్తే అది జాబితాలో కనిపిస్తుంది. మెట్లు మాత్రం రావు, అంత ఆశ పెట్టుకోకండి.

మీటలరాయుడు:
మౌస్ ఎందుకండీ? టాస్క్‌బార్‌లో ఎడమ నుంచి రెండో ప్రోగ్రామ్ కావాలంటే విండోస్ మీటతో 2 నొక్కండి, చాలు. రోజూ వాడేవి మొదటి నాలుగైదు స్థానాల్లో పెట్టుకుని, ఆ వరుస మళ్లీ కదపకండి.

అచ్చుపని:
ఇది బాగుంది, పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌ను రెండో స్థానంలో పెట్టాను. 2001 నాటి 7.0 అని నవ్వకండి, మా పాత ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి. పూర్తయిన ఫైలును ‘ప్రూఫ్’ ఫోల్డర్‌లోకి పంపే దారి ఏదైనా ఉందా?

గోదారిగట్టు:
ఉంది. విండోస్ మీటతో ఆర్ నొక్కి, వచ్చిన పెట్టెలో షెల్, కోలన్, సెండ్‌టు అని ఖాళీ లేకుండా ఇంగ్లీషులో కొట్టండి. తెరుచుకున్న ఫోల్డర్‌లో ‘ప్రూఫ్’ షార్ట్‌కట్ వేయండి. ఇక ఏ ఫైలు మీదైనా షిఫ్ట్ పట్టుకుని రైట్‌క్లిక్ చేస్తే సెండ్ టు కింద ‘ప్రూఫ్’ ఉంటుంది. ఒక్క జాగ్రత్త: రెండు ఫోల్డర్లూ ఒకే డ్రైవ్‌లో ఉంటే ఫైలు కాపీ కాదు, ఉన్నచోటు నుంచి కదిలిపోతుంది. వేరే డ్రైవ్ అయితేనే కాపీ. ఈ సంగతి తెలియక ఒక గృహప్రవేశం కార్డు కోసం నేను అరగంట వెతికాను.

పుదీనా:
నేను విండోస్ కాదు, లినక్స్ మింట్‌లో ఉన్నాను. మొదటి వరుసలో చదరపు బ్రాకెట్ల మధ్య డెస్క్‌టాప్ ఎంట్రీ అని, దాని కింద టైప్, నేమ్ (మెనూలో కనిపించే పేరు), ఎగ్జెక్ (నడపాల్సిన ఆదేశం) అని మూడు వరుసలు ఇంగ్లీషులో రాసి, పేరు చివర డాట్ డెస్క్‌టాప్ అని పెట్టి, హోమ్‌లోని డాట్ లోకల్, షేర్, అప్లికేషన్స్‌లో వేస్తే మెనూలోకి వచ్చేస్తుంది. నేమ్ దగ్గర ‘ఇంటి లెక్కలు’ అని తెలుగులోనే రాశాను. మా అమ్మగారు ఇప్పుడు నన్ను పిలవకుండా తానే తెరుచుకుంటున్నారు. పేజ్‌మేకర్ ఉన్న మీకు ఇది పనికిరాదనుకోండి.

అచ్చుపని:
సెండ్ టు పని చేసింది. ‘ప్రూఫ్’ను డి డ్రైవ్‌కు మార్చాను. అయినా పొద్దున ఒక శుభలేఖ పంపి, అసలుది ఉన్నచోటే ఉందా అని రెండుసార్లు వెళ్లి చూసుకున్నాను.