చలి తగ్గాక ఇంట్లో ప్రార్థన వేళ చెదిరిపోతోంది, మీ ఇళ్లల్లో ఎలా నిలుపుకుంటున్నారు?

నీలిఊలు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. అడుగుదామా వద్దా అని వారం నుంచి ఆలోచిస్తున్నాను. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ఇంట్లో నేను, మావారు, అత్తయ్య, ఇద్దరు పిల్లలం. బాబుకి 13, పాపకి 9. నవంబర్ చివర్లో చలి మొదలయ్యాక అత్తయ్య ఒకరోజు అన్నారు, చీకటి పడేసరికి ఎలాగూ అందరం ఇంట్లోనే ఉంటున్నాం కదా, రోజూ ఒక పది నిమిషాలు కలిసి కూర్చుని దేవుణ్ణి తలుచుకుందాం అని. సరేనని మొదలుపెట్టాం. ఆవిడ పుస్తకంలోంచి ఒక పేజీ చదివేవారు, తర్వాత కాసేపు అందరం మౌనంగా ఉండేవాళ్ళం, అంతే. అది అయ్యాక కూడా ఎవరూ లేచి వెళ్ళేవారు కాదు. నేను బాబుకి స్వెటర్ అల్లుతూ ఉండేదాన్ని, వాడు వాళ్ళ తాతగారి పాత స్టాంపుల ఆల్బమ్ సర్దుకునేవాడు, పాప బొమ్మలు వేసేది, మావారు విత్తనాల పొట్లాలు ముందేసుకుని ఏది ఎప్పుడు నాటాలో రాసుకునేవారు. ఒకే గదిలో ఐదుగురం, ఎవరి పని వాళ్ళది, అయినా కలిసే ఉన్నట్టు ఉండేది. ఇన్నేళ్ళలో మా ఇంట్లో అంత మంచి మూడు నెలలు నాకు గుర్తులేవు.

ఇప్పుడు పొద్దు పెరిగింది. ఆరింటికి ఇంకా వెలుతురు ఉంటోంది, బాబు బయట ఆడుకుంటాడు, మావారు పెరట్లో మట్టి తవ్వుకుంటూ ఉంటారు, పాప సైకిల్ మీద తిరుగుతుంది. వేళకి కూర్చునేది నేను, అత్తయ్య ఇద్దరమే. మొన్న నాకు కోపం వచ్చి బాబుని మూడుసార్లు గట్టిగా పిలిచాను. వచ్చాడు, ఒక కాలి బూటు విప్పి రెండోది విప్పకుండానే కూర్చున్నాడు, పది నిమిషాలూ కిటికీలోంచి బయటికే చూశాడు. అత్తయ్య చదువుతూ చదువుతూ సగంలో ఆపి, పేజీకి గుర్తు కూడా పెట్టకుండా పుస్తకం మూసేసి లోపలికి వెళ్ళారు. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటేనే బాగుండేది. మావారేమో "వాడు పెద్దవాడవుతున్నాడు, వదిలేయ్" అంటారు.

స్వెటర్ కూడా అలాగే ఆగిపోయింది. ఎడమ చెయ్యి మోచేతి దాకా వచ్చి సూదుల మీదే ఉంది. నిన్న వాడి చేతికి ఆనించి చూస్తే, పూర్తిచేసిన కుడి చెయ్యి మణికట్టుకి రెండు వేళ్ళ పైనే ఆగిపోయింది. ఎందుకో అది చూసి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

నేను అడిగేది ఇదే. కాలం మారినప్పుడల్లా ఇలా చెదిరిపోకుండా మీరేం చేస్తారు? వేళ మార్చుకోవాలా, పట్టుబట్టాలా? ఆ స్వెటర్‌ని ఏం చేయమంటారు?

పొద్దుతిరుగుడు జవాబు:

ముందుగా ఒక మాట అమ్మా, ఇది మీ పెంపకంలో లోపం కాదు, మీ బాబులో భక్తి తగ్గడమూ కాదు. మీరు పెట్టుకున్న వేళే కదిలిపోయింది. నేను ముప్పై ఏళ్ళు భూగోళం పాఠాలు చెప్పాను, అందుకని కాస్త వివరంగా చెప్తాను.

భూమి అక్షం 23.4 డిగ్రీలు వంగి ఉండటం వల్లే పగలు పెరగడం, తగ్గడం. ఉత్తరార్ధగోళంలో డిసెంబర్ 21 లేదా 22న పగలు అన్నిటికంటే చిన్నది. కానీ పెరుగుదల మొదట్లో ఎవరికీ తెలియదు, ఆ రోజుల్లో రోజుకి కొన్ని సెకన్లే తేడా. రోజురోజుకీ వేగం పుంజుకుని, మార్చి 20 ప్రాంతంలో రాత్రీ పగలూ దాదాపు సమానమయ్యే రోజుల్లోనే పగలు అన్నిటికంటే వేగంగా పెరుగుతుంది. 40 డిగ్రీల అక్షాంశం దగ్గరైతే అప్పుడు రోజుకి రెండున్నర నిమిషాల పైనే, అంటే ఒక్క నెలలో గంటకు పైగా. భూమధ్యరేఖకి దగ్గరవుతున్నకొద్దీ ఈ తేడా తగ్గుతుంది. గడియారం గంట ముందుకు జరిపే దేశాల్లో ఆ గంట కూడా ఒక్క రాత్రిలో కలుస్తుంది. నిన్నటిదాకా చీకటిగా ఉన్న ఆరు గంటలు ఇవాళ ఎండగా ఉంటే పిల్లవాడి కాళ్ళు నిలుస్తాయా చెప్పండి.

నవంబర్‌లో మీ అత్తగారు "ఆరింటికి" అనలేదు, "చీకటి పడేసరికి" అన్నారు. మీరే రాశారు చూడండి. దాన్ని గడియారానికి కట్టింది మీరందరూ. చాలా మతాల్లో ప్రార్థన వేళలు సూర్యుణ్ణి బట్టే ఉంటాయి. ముస్లింల మగ్రిబ్ నమాజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది, అందుకే దాని టైము రోజూ కొద్దికొద్దిగా జరుగుతుంది. యూదుల సబ్బాతు శుక్రవారం పొద్దు గుంకేటప్పుడు మొదలవుతుంది. సంధ్యావందనం పేరులోనే సంధ్య ఉంది. వీటిలో ఏదీ చలికాలపు గంటని పట్టుకుని వేసవిలో కూర్చోదు. మీరూ పొద్దుతో పాటు జరగండి. వీధిలో వెలుతురు పోయి పిల్లలు వాళ్ళంతట వాళ్ళు ఇంట్లోకి వచ్చే వేళే మీ వేళ.

నిలకడ జవాబు:

పై మాస్టారి లెక్కల మీద గౌరవం ఉంది కానీ నేను ఒప్పుకోను. వేళ అంటే వేళే. ఇవాళ ఆట కోసం జరిపితే రేపు పరీక్షల కోసం, ఎల్లుండి క్రికెట్ మ్యాచ్ కోసం జరపాల్సి వస్తుంది, చివరికి పడుకునే ముందు ఆవలిస్తూ చేసే పని అయిపోతుంది. మా ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది కాబట్టి చెప్తున్నాను. జరుపుతూ జరుపుతూ ఆరు నెలల్లో అసలు మానేశాం, మళ్ళీ మొదలుపెట్టడానికి నాలుగేళ్ళు పట్టింది.

అయితే ఒకటి, పట్టుబట్టడం అంటే పిలవడం కాదు. మీరు, అత్తయ్యగారు అదే వేళకి, అదే చోట కూర్చోండి. తలుపు తీసి ఉంచండి. ఎవర్నీ పిలవకండి, వచ్చిన వాళ్ళని "ఇప్పుడు గుర్తొచ్చిందా" అని అడగకండి, రాని వాళ్ళని తర్వాత నిలదీయకండి. ఇద్దరు కూర్చున్నా అది ఇంటి ప్రార్థనే. మా నాన్నగారు ఏళ్ళ తరబడి ఒక్కరే కూర్చునేవారు, ఆయన పోయాక ఆ చోట ఖాళీగా ఉంటే నేను చూడలేక కూర్చోవడం మొదలుపెట్టాను.

పెద్దకొడుకు జవాబు:

నాకిప్పుడు 24, ఒకప్పుడు మీ బాబు చోట నేను ఉన్నాను కాబట్టి రాస్తున్నాను అక్కా.

మీరు మూడుసార్లు పిలిచినప్పుడు ప్రార్థన అంటే వాడికి కోపం వచ్చి ఉండదు. తోటి పిల్లల ముందు పిలిచారు కదా, అదే బాధ. ఆ వయసులో అది చాలా పెద్ద విషయం. నాకు దేవుడంటే ఇష్టమే ఉండేది, మా అమ్మ గేటు దగ్గర నిలబడి పేరు పెట్టి అరవడం మాత్రం తట్టుకోలేకపోయేవాణ్ణి. లోపలికి వచ్చి కూర్చున్నా గుండె దడదడలాడుతూనే ఉండేది, ఒక్క మాటా చెవికెక్కేది కాదు. ఆ దడ నాకు తెలియకుండానే ప్రార్థనకి అంటుకుపోయింది, హాస్టల్‌కి వెళ్ళాక ఒక రెండేళ్ళు ఆ పుస్తకం ముట్టుకోలేదు.

నన్ను మళ్ళీ కూర్చోబెట్టింది మా నానమ్మ. సెలవులకి వచ్చినప్పుడు "నాకు అక్షరాలు ఆనడం లేదురా, ఈ ఒక్క పేజీ చదివిపెట్టు" అంది. నాకోసం కాదు, తనకోసం అడిగింది. చదివాను. మర్నాడు అడక్కుండానే చదివాను. మీ బాబు చేత చదివించండి. వినేవాడిగా కిటికీలోంచి చూసినవాడు చదివేవాడైతే చూడలేడు కదా.

ఇంకొకటి, స్టాంపుల ఆల్బమ్ మూలన పడేసినా ఏమీ అనకండి. ఆ హాబీ చలికాలానిది, మళ్ళీ చీకటి రోజులు వస్తే వాడే తీస్తాడు.

రెండుసూదులు జవాబు:

ప్రార్థన సంగతి పెద్దవాళ్ళు చెప్పారు, నేను స్వెటర్ గురించే చెప్తాను, ఎందుకంటే మీ పోస్టులో ఆ ముక్క దగ్గరే నేను ఆగిపోయాను.

ఇప్పుడు పూర్తిచేయాలని కూర్చోకండి. ఎండాకాలం వస్తుంటే చేతులకి చెమట పట్టి ఊలు జారదు, చిరాకొచ్చి అల్లిక బిగుస్తుంది. అలాగని సూదుల మీదే వదిలేయకండి. నెలల తరబడి ఉంటే ఆ వరస కుట్లు సాగిపోయి, తర్వాత ఎంత ఉతికినా అక్కడ గీత కనిపిస్తుంది. వేరే రంగు నూలుదారం ఒక మూర తీసుకుని మొద్దు సూదిలో ఎక్కించి కుట్లన్నిటినీ దాని మీదకి మార్చి, రెండు కొసలూ వదులుగా ముడేయండి. ఎన్నో వరసలో ఆపారు, మొత్తం ఎన్ని కుట్లు, ఏ నంబరు సూది, ఈ మూడూ చీటీ మీద రాసి స్వెటర్‌కే పిన్నుతో పెట్టండి. గుర్తుంటుందిలే అనుకుంటాం, ఉండదు. సూది నంబరు మర్చిపోయి ఒక శాలువా మొత్తం విప్పాను నేను.

కుడి చెయ్యి పొట్టి అయిందని బాధపడకండి, చేతిని భుజం నుంచి కిందికి అల్లి ఉంటే మణికట్టు దగ్గర పట్టీ మాత్రం విప్పి, కుట్లు ఎత్తుకుని కిందికి పెంచుకోవచ్చు. వచ్చే చలికాలం ముందు కొలత తీసుకోండి, ఇప్పుడు కాదు. ఆ వయసు పిల్లాడు ఈ లోపు ఇంకెంత సాగుతాడో ఎవరికి తెలుసు.

దాచే ముందు తప్పకుండా ఉతకండి. ఊలుని తినేది మనకి ఎగురుతూ కనిపించే చిమ్మట కాదు, అది పెట్టిన గుడ్లలోంచి వచ్చే పురుగు. ఊలులో, వెంట్రుకలో, ఈకలో ఉండే కెరటిన్ దాని తిండి, అందులోనూ చెమట, మరకలు ఉన్న చోటే ముందు పడుతుంది. గోరువెచ్చని నీళ్ళలో కొద్దిగా మెత్తని సబ్బు వేసి నానబెట్టి, నొక్కి తీయండి. రుద్దకండి, పిండకండి. ఊలు పోగు మీద సన్నని పొలుసులుంటాయి, వేడికీ రాపిడికీ అవి ఒకదానికొకటి పట్టేసుకుంటే స్వెటర్ కంబళి ముక్కలా గట్టిపడి కుంచించుకుపోతుంది, దాన్ని మళ్ళీ వెనక్కి తేలేం. తువ్వాల్లో చుట్టి నీళ్ళు పీల్చేలా ఒత్తి, నేల మీద పరిచి ఆరబెట్టండి, తీగ మీద వేలాడదీస్తే సాగిపోతుంది. పూర్తిగా ఆరాక మూత బిగుసుకునే డబ్బాలో పెట్టండి.

మట్టిచేతులు జవాబు:

మీవారి తరఫున ఒక్క మాట చెల్లెమ్మా, నేనూ ఆ బాపతే. ఈ నెలన్నర మాకు ఊపిరాడదు. బంతి, టమాటా లాంటివి ఇంట్లోనే ట్రేలలో చల్లి, గడ్డకట్టే చలి పూర్తిగా పోయే తేదీకి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే నారు మొదలుపెట్టాలి. వెలుతురు చాలకపోతే నారు తెల్లగా సాగి పడిపోతుంది, నీళ్ళు ఎక్కువైతే నారుకుళ్ళు పట్టి ఒక్క రాత్రిలో మొదళ్ళు మెత్తబడి వాలిపోతాయి. బయట నాటే ముందు వారం పది రోజులు, మొదట గంట, తర్వాత రెండు గంటలు అలా బయట పెట్టి అలవాటు చేయాలి. సాయంత్రం వెలుతురు ఉన్న ఆ కాస్త టైము పోతే మళ్ళీ మర్నాటి దాకా కుదరదు. అశ్రద్ధ కాదమ్మా, కాలం తరుముతుంది.

మా ఇంట్లో ఈ రెండు నెలలూ ప్రార్థన పొద్దున్నే. అందరం కాదు, లేచినవాళ్ళం. సూర్యోదయానికి అరగంట ముందు పెరట్లో కుర్చీలు వేసుకుంటాం. అప్పుడు పక్షుల గోల చూడాలి మీరు. పగలు పెరుగుతున్నట్టు వాటికి కళ్ళతోనే కాదు, పుర్రె ఎముక దాటి మెదడు లోపలికి చేరే వెలుతురుతో కూడా తెలుస్తుందట, దాన్ని బట్టే పాట, గూడు కట్టడం అన్నీ మొదలవుతాయి. అది తెలిసిన దగ్గర్నుంచి నాకు ఆ వేళ కళ్ళు మూసుకోబుద్ధి కాదు. మా పెద్దమ్మాయి ఏ పక్షి ముందు కూసిందో నోట్‌బుక్‌లో రాస్తుంది. మీ పాపకి బొమ్మలు ఇష్టమన్నారు కదా, ఒకసారి లేపి చూడండి.

నీలిఊలు, ఐదు రోజుల తర్వాత:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. పెద్దకొడుకు గారి జవాబు మావారికి చదివి వినిపించాను, ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, వాళ్ళ చిన్నప్పటి గేటు ఏదో గుర్తొచ్చిందేమో.

నిలకడ గారు చెప్పింది, మాస్టారు చెప్పింది రెండూ అత్తయ్య ముందు పెట్టాను. ఆవిడ "వేళ చీకటిదే, మనం పిలవద్దు" అన్నారు, రెండూ కలిపేసినట్టు. వీధి దీపాలు వెలిగాక కూర్చుంటున్నాం. మొదటి రోజు ఇద్దరమే. రెండో రోజు మావారు మట్టి చేతులు కడుక్కుని వచ్చారు, పాప వాళ్ళ నాన్న వెనకే వచ్చింది. బాబుకి ముందు నేనే సారీ చెప్పాను, మీ ఫ్రెండ్స్ ముందు అలా పిలవకుండా ఉండాల్సింది అని. వాడు "సర్లే అమ్మా" అని వెళ్ళిపోయాడు. ఆ రోజు రాలేదు, మర్నాడూ రాలేదు. నాకు లోపల టెన్షన్‌గానే ఉంది కానీ అడగలేదు.

నిన్న వచ్చాడు. అత్తయ్య పుస్తకం తెరిచి, ఆ రోజు ఎక్కడ ఆపారో తెలియక పేజీలు తిప్పుతున్నారు. వాడు పక్కనుంచి చూసి "ఇక్కడ నానమ్మా" అని వేలు పెట్టాడు. కిటికీలోంచి చూస్తూ కూడా విన్నాడన్నమాట. చదవమని ఆవిడ పుస్తకం వాడి చేతికిచ్చారు. తడబడుతూ ఒక అర పేజీ చదివి, చాలన్నాడు.

రెండుసూదులు గారూ, కుట్లన్నీ ఎర్ర నూలుదారం మీదకి మార్చాను, మొత్తం 52 ఉన్నాయి. చీటీ మీద ఏం రాస్తున్నావని వాడు అడిగితే చెప్పాను. నా దగ్గర పెన్ను తీసుకుని కింద తేదీ వేసి, తన ఎత్తు కూడా రాసి పిన్ను పెట్టాడు. స్వెటర్ ఇప్పుడు తువ్వాలు మీద ఆరుతోంది.