ఖరీదైన సెలూన్‌లో కటింగ్ నిజంగా బాగుంటుందా, డబ్బంతా ఏసీకేనా?

నొక్కులజుట్టు:
మామూలు సెలూన్‌కీ పెద్ద సెలూన్‌కీ రేటులో ఐదారు రెట్లు తేడా. దువ్వెన అదే, కత్తెర అదే, మెషిన్ కూడా చాలాసార్లు అదే కంపెనీది. మరి ఆ తేడా తల మీద కనబడుతుందా? తలంటు, మసాజు, కాఫీ లెక్కలోంచి తీసేయండి, ఒక్క కత్తిరింపు సంగతే చెప్పండి. కావలసింది మగవాళ్ల కటింగ్. పక్కలు బాగా పొట్టిగా, పైన మూడంగుళాలు. జుట్టు కాస్త నొక్కులది, నడినెత్తిన రెండు సుళ్లు.

సానరాయి:
కటింగ్ అయిన రోజు చూసి తేల్చకండి. డ్రయ్యర్ పెట్టి, వాక్స్ రాసి పంపిస్తే ఎలాంటి కటింగైనా ఆ పూటకి బాగానే ఉంటుంది. జుట్టు నెలకి సుమారు సెంటీమీటరు పెరుగుతుంది. మూడో వారంలో, ఇంట్లో తలస్నానం చేసి ఏమీ రాయకుండా దువ్వుకున్నప్పుడు ఎలా కూర్చుందో చూడండి, అసలు పనితనం అప్పుడు బయటపడుతుంది.

మీరడిగిన కటింగ్‌లో రెండు వేరువేరు పనులున్నాయి. పక్కలు మెషిన్ పని. గార్డు అంటే మెషిన్‌కి తగిలించే దువ్వెన లాంటి తొడుగు, ఎంత పొడవు జుట్టు మిగలాలో దాని నంబరు చెబుతుంది. గార్డు 1 అంటే 3 మిల్లీమీటర్లు, 2 అంటే 6, 3 అంటే సుమారు 10, 4 అంటే 13. కింద 1, దాని పైన 2 నడిపితే మధ్యలో గీత పడటం ఖాయం. దాన్ని చెరపాలంటే 1 గార్డు పెట్టి, మెషిన్ పక్కనుండే లివర్ కిందికి దించి, అంటే బ్లేడు కాస్త తెరిచి, గీత మీదే అంగుళం లోపు చిన్న చిన్న తోపులతో పోవాలి. ఇంకో చిక్కు కణతల పైన, తల గుండ్రంగా లోపలికి తిరిగే చోట. మెషిన్ అక్కడ తల వంపునే అనుసరించి లోపలికి పోతే పైజుట్టు అంచు కొరుక్కుపోతుంది. తల వంపు తిరిగినా చెయ్యి మాత్రం నిటారుగా పైకే పోయి గాల్లోకి వదిలెయ్యాలి. తర్వాత ఆ అంచుని దువ్వెన మీద కత్తెరతో కలపాలి. ఇదంతా చేతి అలవాటు. రోజంతా ఇదే పని చేసే చిన్న షాపు మనిషి చాలాసార్లు పెద్ద సెలూన్ స్టైలిస్టు కంటే శుభ్రంగా చేస్తాడు, ముఖ్యంగా ఆ స్టైలిస్టు దగ్గరికి ఎక్కువగా పొడుగు జుట్టువాళ్లే వస్తుంటే.

పైజుట్టు దగ్గర లెక్క మారుతుంది. ముందు నుంచి నడినెత్తి దాకా మధ్యలో సెంటీమీటరు వెడల్పు పాయ తీసి, తలకి నిట్టనిలువుగా లేపి, వేళ్ల మధ్య పట్టి కత్తిరిస్తారు. అదే కొలత పాయ. పక్క పాయ తీసిన ప్రతిసారీ కొలత పాయలోంచి కాసిని వెంట్రుకలు కలుపుకొని, అవి ఎక్కడ ఆగాయో అక్కడే కత్తెర వెయ్యాలి. మొత్తం అయ్యాక అడ్డంగా పాయలు లేపి సరిచూడాలి. ఎక్కడైనా మూలలు పొడుచుకొస్తే అప్పుడే తెలుస్తుంది. పావుగంటలో తల ముగించాల్సిన చోట ముందు ఎగిరిపోయేది ఈ సరిచూడటమే. డబ్బుకి దొరికేది ప్రధానంగా ఈ సమయం. అది కూడా ఇస్తేనే.

తడి జుట్టు సాగుతుందని మరిచిపోవద్దు. నొక్కుల జుట్టుని నీళ్లు చల్లి బిగలాగి కత్తిరిస్తే, ఆరాక అనుకున్నదానికంటే సెంటీమీటరో రెండో పైకి పోతుంది. వదులుగా పట్టుకుని, మొదటి విడతలో కొంచెం ఎక్కువే వదిలి, ఆరబెట్టాక మళ్లీ దిద్దేవాళ్లకి పని తెలుసనుకోవచ్చు.

రెండు సుళ్లున్నచోట మధ్యరకం పొడవు పనికిరాదు. రెండు సుళ్ల మధ్య జుట్టు చెరో దిక్కుకీ తిరిగి నిలబడుతుంది. అయితే దాని బరువుకి అదే పడుకునేంత పొడుగ్గా వదలాలి, లేదంటే నిలబడినా కనిపించనంత పొట్టిగా కొట్టాలి.

అన్నిటికంటే ఎక్కువ పాడు చేసేది పళ్ల కత్తెర. ఒత్తు తగ్గించడానికి చివర్ల దగ్గర కాకుండా కుదుళ్ల దగ్గర్నుంచే కరకరా వేసేస్తారు. లోపల మిగిలిన పొట్టి వెంట్రుకలు రెండు మూడు వారాల్లో పెరిగి పైవాటిని ఎత్తుతాయి, తల బుస్సుమంటుంది. నొక్కుల జుట్టుకి మరీను. చివరి మూడోవంతులో మాత్రమే, అదీ పాయకి ఒకటి రెండుసార్లు, చాలు. ఈ తప్పుకి చిన్న షాపూ పెద్ద షాపూ తేడా లేదు.

మూడోకుర్చీ:
సానరాయి గారి మాట చాలావరకు నిజమే, కానీ “డబ్బుకి సమయం దొరుకుతుంది” అనేది అన్నిచోట్లా కాదండీ. పెద్ద సెలూన్‌లో ముప్పావుగంట కూర్చోబెడతారు, అందులో తలకడగడం, టవల్ చుట్టడం, ప్యాకేజీలు చెప్పడం పోగా కత్తెర ఆడేది పావుగంటే కావచ్చు. పైగా ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లకి అప్పగిస్తారు. మీరు కట్టేది సెలూన్ రేటు, చేసేది నిన్నగాక మొన్న చేరిన కుర్రాడు. కాబట్టి సెలూన్ని కాదు, మనిషిని ఎంచుకోండి. కాసేపు కూర్చుని వాళ్లు చేసిన మరో రెండు తలలు, మీలాంటి జుట్టువి, వెనక నుంచి చూడండి.

శుభ్రత కూడా రేటుని బట్టి ఉండదు. బ్లేడు మీ ముందే కవరు చింపి వెయ్యాలి. మెడ చుట్టూ కాగితం పట్టీయో ఉతికిన గుడ్డో ఉండాలి, అందరికీ వాడే కేప్ నేరుగా మెడకి తగలకూడదు. మందునీళ్లలో దువ్వెన ముంచి వెంటనే తీస్తే ఉపయోగం లేదు. ముందు వెంట్రుకలు, జిడ్డు కడిగి, ఆ సీసా మీద రాసినంతసేపు, సాధారణంగా 10 నిమిషాలు, మునిగి ఉండాలి. దువ్వెనలు, కత్తెరలు పెట్టే నీలం లైటు (యూవీ) పెట్టె చూసి మురిసిపోకండి, వెలుగు తగిలిన వైపు మాత్రమే పనిచేస్తుంది, పళ్ల మధ్య ఇరుక్కున్న మురికిని ఏమీ చెయ్యదు. తామర లాంటివి మెషిన్ బ్లేడు ద్వారా అంటుకుంటాయి. మెషిన్ జుట్టుని పీకుతుంటే బ్లేడు మొద్దుబారిందనో, నూనె చుక్క పడలేదనో అర్థం.

నొక్కులజుట్టు:
ఇద్దరికీ థాంక్స్ అండి. మరి కుర్చీలో కూర్చున్నాక ఏం చెప్పాలి? “మీడియం” అంటే ఒక్కొక్కరు ఒక్కోలా కొడుతున్నారు.

సానరాయి:
మీడియం, స్టైల్‌గా, కొంచెం తగ్గించండి, ఈ మూడూ మానేయండి. పక్కలకి గార్డు నంబరు చెప్పండి, అది ఎంత ఎత్తు దాకా రావాలో వేలితో చూపించండి. పైన ఎంత తియ్యాలో కాక ఎంత మిగలాలో చెప్పండి. కిందటి కటింగ్ ఎన్ని వారాల కిందటిదో, పాపిడి ఏ పక్కో, రోజూ డ్రయ్యర్ వాడతారో లేదో కూడా. ఫోటో చూపిస్తే మీలాంటి జుట్టువాళ్లదే చూపించండి. మెడ వెనక తిన్నని గీత కావాలా, కిందికి పోయేకొద్దీ మాసిపోవాలా అని వాళ్లు అడక్కపోతే మీరే చెప్పండి. గీత పెడితే వారంలోనే కింద మొలకలు కనిపిస్తాయి, మాసిపోయేలా చేస్తే పెరిగినా అసహ్యంగా ఉండదు.

వేలిజడ:
పొడుగు జుట్టువాళ్ల కోసం ఒక మాట. చివర్లు సమంగా ఒకే గీతలో కత్తిరించడానికి పెద్ద సెలూన్ అక్కర్లేదు. తల, భుజాలు నిటారుగా ఉంటే చాలు. కాలు మీద కాలు వేసుకుంటే నడుము ఒరిగి భుజం ఎత్తు మారుతుంది, గీత వంకర వస్తుంది. లేయర్లకి, అంటే పైజుట్టు పొట్టిగా, కిందికి పోయేకొద్దీ పొడుగ్గా మెట్లుగా కత్తిరించడానికి మాత్రం చెయ్యి తిరిగినవాళ్లే కావాలి. మరీ పైనుంచి మొదలుపెడితే కింద తోకలా పలచబడిపోతుంది, మళ్లీ ఒత్తుగా కనబడటానికి ఏడాది పైనే పడుతుంది. ఉంగరాల జుట్టైతే పొడిగా ఉన్నప్పుడు, ఉంగరం ఉంగరం చూసి కత్తిరించేవాళ్లని వెతకండి. దానికి గంట పైనే పడుతుంది, రేటు ఎక్కువున్నా అడగడం న్యాయమే.

మూడోకుర్చీ:
ఇంకోటి. డబ్బులు కట్టకముందే వెనక అద్దం అడిగి చూసుకోండి. రెండు చెంపల దగ్గర వేళ్లు పెట్టి, అద్దంలో ఎత్తు సమానంగా ఉందా చూడండి. చెవుల ఎత్తుని కొలతగా పెట్టుకోకండి, చాలామందికి ఒక చెవి కాస్త కిందికుంటుంది. గీత మిగిలినా, పైన మూల పొడుచుకొచ్చినా కుర్చీ దిగకముందే చెబితే రెండు నిమిషాల పని.