నడుస్తున్న జావా 8 ప్రోగ్రామ్‌ని 21కి మార్చాలా, వద్దా?

భీమవరం బిల్లింగ్:
అందరికీ నమస్కారమండి. ఇక్కడ ఒక రొయ్యల మేత షాపులో బిల్లింగ్ ప్రోగ్రామ్ నేను చూసుకుంటున్నాను. ఎవరో ఎప్పుడో జావా భాష 8వ వెర్షన్‌లో, స్క్రీన్లు గీసే స్వింగ్ లైబ్రరీతో రాసింది. బస్తాల లెక్క, రైతుల అరువు ఖాతాలు, కాటా తూకం అన్నీ అందులోనే. కొత్త కంప్యూటర్ కొన్నారు కదా అని జావా 21 వేసి నడిపితే మొదటి స్క్రీనే రాలేదు. జావాఎక్స్ ఎక్స్‌ఎంఎల్ బైండ్ క్లాసు దొరకలేదని ఎర్రర్. ఓనరుగారేమో ‘నడిచేదాన్ని కెలకొద్దు, పాతదే వేసెయ్’ అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

పాలకొల్లు పాతకాపు:
ఓనరుగారి మాటే నాదీనూ. మేత లోడు దిగిన రోజున బిల్లు ఆగితే జనం నిన్నంటారు గానీ జావాని అనరు. 8 వచ్చింది 2014లో, నిజమే. అయినా అది చచ్చిపోలేదు. 2019 ఏప్రిల్ నుంచి వచ్చిన అప్‌డేట్లని వ్యాపారంలో వాడాలంటే లైసెన్సు కొనుక్కోమంది ఒరాకిల్, అంతే. అదే జావాని వేరేవాళ్లు తయారుచేసి ఇచ్చే టెమురిన్, కొరెట్టో బిల్డులు ఉచితం. 8కి సెక్యూరిటీ అప్‌డేట్లు వాటిలో ఇంకా వస్తున్నాయి. ఏదో సైట్లో దొరికిన పాత ఇన్‌స్టాలర్ మాత్రం వేయకు బాబూ.

లంకల జావా:
ఇలాగే అనుకుంటూ అందరం అక్కడే ఆగిపోయాం. లైబ్రరీలు, అంటే మనం వాడుకునే రెడీమేడ్ కోడ్, 8ని వదిలేసి వెళ్లిపోతున్నాయండి. సర్వర్ ప్రోగ్రాములు రాసే స్ప్రింగ్ బూట్ 3 వచ్చింది 2022 నవంబరులో, జావా 17 లేకపోతే అది నడవనే నడవదు. కోడ్‌ని పరీక్షించే జేయూనిట్ 6 కూడా అంతే.

సరే, మేత షాపుకి స్ప్రింగ్ ఎందుకంటారు. అయితే ఒక పని చేయండి. ఖాతాల ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరవండి. సత్యనారాయణ అనే పేరు ఉండాల్సిన చోట వరసగా పది ప్రశ్నార్థకాలు కనిపిస్తున్నాయా? కంటికి ఆరక్షరాలే, కానీ గుణింతాలు, పొల్లు విడిగా లెక్కకొస్తాయి కాబట్టి పది. ఫైలు రాసే ఫైల్‌రైటర్‌కి ఎన్‌కోడింగ్ (అక్షరాల్ని అంకెలుగా దాచే పద్ధతి) చెప్పకపోతే పాత జావా విండోస్ కోడ్‌పేజీ (అక్షరాల పట్టిక) తీసుకుంటుంది. మన కంప్యూటర్లలో అది మామూలుగా 1252, అందులో తెలుగు అక్షరం ఒక్కటి కూడా లేదు. జావా 18 నుంచి డిఫాల్టే తెలుగు కూడా పట్టే యూటీఎఫ్-8. మన ఊళ్లలో జావా మార్చడానికి ఈ ఒక్క కారణం చాలదా?

పాలకొల్లు పాతకాపు:
చాలదు. 8లో కూడా అవుట్‌పుట్‌స్ట్రీమ్‌రైటర్ పెట్టి యూటీఎఫ్-8 అని రాస్తే అదే పని అవుతుంది. ఒక్క లైను. దానికోసం ఇల్లంతా ఖాళీ చేస్తామా? పైగా ప్రశ్నార్థకాలుగా సేవ్ అయిపోయిన పేర్లు 21 వేసినా తిరిగి రావు, మళ్లీ టైపు చేసుకోవాల్సిందే.

అమలాపురం మాస్టారు:
ఇద్దరూ జావా నంబరు పట్టుకుని కొట్టుకుంటున్నారు. అసలు సంగతి జార్ ఫైళ్ల (లైబ్రరీల మూటల) ఫోల్డర్లో ఉంది. 2021 డిసెంబరులో లాగ్4జే అనే లాగింగ్ లైబ్రరీలో లాగ్4షెల్ అనే సెక్యూరిటీ లోపం బయటపడి గొడవ వచ్చినప్పుడు జావా 8 వాడినవాళ్లకీ 17 వాడినవాళ్లకీ విరుగుడు ఒకటే, లాగ్4జే మార్చుకోవడం. జావా కొత్తదైనంత మాత్రాన లోపల ఉన్న పాత లైబ్రరీ బాగుపడదు.

మొదటాయనకి వచ్చిన ఎర్రర్ కూడా ఈ బాపతే. ఆ క్లాసు ఉండేది జాక్స్‌బీ అనే ఎక్స్‌ఎంఎల్ లైబ్రరీలో, దాన్ని జావా 11లో తీసేశారు. దాన్ని విడిగా, లైబ్రరీలు తెచ్చిపెట్టే మేవెన్‌లో పెట్టుకోవాలి. ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు, కంగారుగా అన్నిటికన్నా కొత్తది లాగేస్తారు. జకార్తా బైండ్ ఏపీఐ 3 నుంచి ప్యాకేజీ పేరే జకార్తా అయిపోయింది, మీ ఇంపోర్టులన్నీ మార్చాలి. అదే ఏపీఐ 2.3.3లో పాత జావాఎక్స్ పేరే ఉంటుంది. అది, దానికి జోడీగా రన్‌టైమ్ 2.3 పెడితే కోడ్ ముట్టుకోనక్కర్లేదు. కోడ్ రాత తగ్గించే లాంబాక్ లైబ్రరీ ఉంటే దాన్నీ చూడండి, జావా 21కి కనీసం 1.18.30 కావాలి.

ముందుగా ఆ జార్‌లన్నిటి మీదా జేడీకేతో (జావా కిట్‌తో) వచ్చే జేడెప్స్ టూల్ నడపండి. జేడీకే లోపలి క్లాసుల్ని ఏది వాడుతోందో అదే చెబుతుంది.

భీమవరం బిల్లింగ్:
మాస్టారూ, మీరు చెప్పినట్టే 2.3.3 పెట్టాను. స్క్రీన్ వచ్చింది, బిల్లు కూడా పడింది. జేడెప్స్‌లో పెద్దగా ఏమీ రాలేదు. తెలుగు పేర్లు మాత్రం లంకల జావా గారన్నట్టు ప్రశ్నార్థకాలే. ఇన్నాళ్లూ షాపులో గుమస్తాగారు ఖాతా నంబరు చూసి గుర్తుపడుతున్నారట! ఇప్పుడు కాటా దగ్గర ఆగింది. తూకం రావడం లేదు. 32 బిట్ డీఎల్ఎల్‌ని (విండోస్ కోడ్ ఫైలుని) 64 బిట్ జావాలో లోడ్ చేయలేనంటోంది.

పాలకొల్లు పాతకాపు:
చెప్పానా!

లంకల జావా:
అది 21 తప్పు కాదండి. 64 బిట్ జావా 8 వేసినా అదే ఎర్రర్ వచ్చేది. లోపల కాటా పోర్టుతో మాట్లాడే పాత లైబ్రరీ ఆర్‌ఎక్స్‌టీఎక్స్ ఉండుంటుంది. దాన్ని తీసి జెసీరియల్‌కామ్ పెట్టండి, 32కీ 64కీ కావాల్సిన నేటివ్ ఫైళ్లు దాని జార్‌లోనే ఉంటాయి. పోర్టు తెరిచే నాలుగైదు లైన్లు మార్చాలి.

అమలాపురం మాస్టారు:
ఆ లైన్లు మార్చేటప్పుడు బాడ్ రేటు (డేటా వేగం), పారిటీ (తప్పులు పట్టే గుర్తు) పాత కోడ్‌లో ఎలా ఉన్నాయో అలాగే దించండి, కాటా వాటికే సెట్ అయి ఉంటుంది. పాత కంప్యూటర్‌ని అప్పుడే అమ్మేయనివ్వకండి. కొన్నాళ్లు రెండిట్లోనూ బిల్లులు కొట్టి సాయంత్రం మొత్తాలు సరిచూసుకోండి.

పాలకొల్లు పాతకాపు:
ఆ రెండోసారి బిల్లులు కొట్టే కూలీ ఓనరుగారి దగ్గర ముందే మాట్లాడుకో. నేనైతే 32 బిట్ జావా 8 వేసి, పేర్ల లైను ఒక్కటి సరిచేసి, ఇంటికెళ్లి పడుకుంటాను.