క్యుమైలాక్సీ లెక్కలో అసిటోఫినోన్ ఎందుకు రావట్లేదు?

చెరువుగట్టు:
మాది భీమవరం పక్క పల్లెటూరండి. రొయ్యల చెరువు ఏరేటర్లకి వెళ్ళే కేబుల్ రెండుసార్లు కాలిపోయింది. మూడోసారి నాన్న పీవీసీ తీసేసి ఎక్స్‌ఎల్‌పీఈ (గొలుసులు ముడేసిన పాలిథీన్) వేయించారు. అది 70 డిగ్రీలకైతే ఇది 90 దాకా ఓర్చుకుంటుందని షాపులో చెప్పారట. "ఎమ్మెస్సీ కెమిస్ట్రీ కదా, ఎందుకో చెప్పు" అన్నారు. పాలిథీన్ గొలుసుల్ని డైక్యుమైల్ పెరాక్సైడ్ ఒకదానికొకటి ముడేస్తుందని చెప్పి ఊరుకోవాల్సింది. ప్రాజెక్టుగా పెట్టుకున్నాను, నా ఖర్మ.

పాలిథీన్ బదులు అలాంటిదే పొట్టి గొలుసు, హెప్టేన్ తీసుకున్నాను. ఆ పెరాక్సైడ్ విరిగితే వచ్చే ముక్క, క్యుమైలాక్సీ రాడికల్‌తో కలిపి 44 పరమాణువులు, ఓర్కా అనే కెమిస్ట్రీ ప్రోగ్రాంలో ఎం06-2ఎక్స్ అనే లెక్క పద్ధతి. ఒక్కో ట్రాన్సిషన్ స్టేట్‌కి (చర్య దాటాల్సిన అడ్డుగోడ శిఖరం) లాప్‌టాప్ రాత్రంతా రొద పెట్టింది. రాడికల్ హెప్టేన్ నుంచి హైడ్రోజన్ లాక్కోవడమే సులువని తేలింది. తానే విరిగి అసిటోఫినోన్, మిథైల్ (ఇదే తర్వాత మీథేన్ అవుతుంది) అవడం దాని ముందు లెక్కలోకే రాదు. మరి ఫ్యాక్టరీల్లో ఆ అసిటోఫినోన్, మీథేన్ పోవడానికి కేబుల్‌ని రోజుల తరబడి వేడి గదిలో ఎందుకు ఉంచుతారు?

ఉప్పుటేరు:
టెంపరేచర్ ఎంత ఇచ్చారు?

చెరువుగట్టు:
ఏమీ ఇవ్వలేదండి.

ఉప్పుటేరు:
అయితే 298 కెల్విన్ తీసుకుని ఉంటుంది. ఆ వేడికి పెరాక్సైడ్ నిద్రే లేవదు. 453 (అంటే 180 డిగ్రీలు) పెట్టండి. హైడ్రోజన్ లాక్కోవడానికి రెండు అణువులు ఒకచోటికి రావాలి, ఎంట్రోపీ నష్టం. విరగడానికి ఒక్కటి చాలు, దాని అడ్డుగోడ ఎత్తే గానీ వేడి పెరిగేకొద్దీ పుంజుకుంటుంది. అణువుల కంపనాల ఫ్రీక్వెన్సీలు మళ్ళీ చెయ్యక్కర్లేదు, వాటినుంచి శక్తులు కట్టే థర్మోకెమిస్ట్రీ ఒక్కటి కొత్త వేడికి మళ్ళీ నడిపితే చాలు. పనిలో పని, ఎస్ స్క్వేర్ (రాడికల్ స్పిన్ సరిగ్గా వచ్చిందో చెప్పే అంకె) 0.75 దగ్గరే ఉందో లేదో చూసుకోండి. ఇంకోటి, ప్రోగ్రాం గ్యాస్ అనుకుని 1 అట్మాస్ఫియర్‌కి లెక్క కడుతుంది. కరిగిన పాలిథీన్‌లో రాడికల్ చుట్టూ గొలుసుల సీహెచ్2 లే కిక్కిరిసి ఉంటాయి, ఆ గాఢత సవరణ మర్చిపోతే ఈసారి తప్పు విరగడం వైపు పోతుంది.

వైండింగ్ షాపు:
ఆయ్, రాడికల్ సంగతి తర్వాత బాబూ. కాలింది ఎక్కడ, మధ్యలోనా జాయింట్ దగ్గరా? జాయింట్ నీళ్ళలో ఉండి పైన ఉత్త టేపు చుట్టేస్తే ఎక్స్‌ఎల్‌పీఈ అయినా ఒకటే, పీవీసీ అయినా ఒకటే. గట్టు మీద కర్ర పాతి, దానికి బిగించిన పెట్టెలో జాయింట్ పెట్టించు.

చెరువుగట్టు:
453 పెట్టాక రెండింటి మధ్య తేడా బాగా తగ్గిందండి, సవరణ ఇంకా చెయ్యాలి. రెండుసార్లూ కాలింది జాయింట్ దగ్గరే. అది నీళ్ళలోనే ఉంది. నాన్నకి ఇదొక్కటే చెప్పాను.