అప్‌డేట్: చర్చి వెబ్‌సైట్‌కు ఏ బిల్డర్ వాడాలని అడిగాను (గాజువాక, విశాఖ)

అందరికీ వందనాలు. వెబ్‌సైట్ తయారుచేసుకునే టూల్స్ (బిల్డర్లు) అయిన వర్డ్‌ప్రెస్, విక్స్, గూగుల్ సైట్స్‌లో ఏది మంచిదని, వాటిలో తెలుగు పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు వస్తున్నాయని అడిగాను. సమస్య తీరింది.

తప్పు బిల్డర్‌ది కాదు. మేం పేస్ట్ చేసింది మా పాత సంఘ పత్రికల్లోంచి, అవి యూనికోడ్ (అన్ని ఫోన్లు, కంప్యూటర్లలో తెలుగు సరిగ్గా కనిపించే పద్ధతి) కాని, ప్రింటింగ్ కోసం వాడే డీటీపీ ఫాంట్‌లో టైప్ చేసినవి. డాబాగార్డెన్స్‌లో మా పత్రిక ప్రింట్ చేసే అన్న ఫైల్ చూడగానే చెప్పారు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాం. ఒత్తులు కొన్నిచోట్ల తప్పాయి, బైబిల్ వాక్యాలు కదా, యూత్ పిల్లలు బైబిల్ పక్కన పెట్టుకుని ప్రతి లైనూ సరిచూశారు. ఈ పని మాత్రం వదలకండి.

చివరికి మీలో ఒకరు చెప్పిన గూగుల్ సైట్స్ తీసుకున్నాం. ఉచితం, ఖర్చు డొమైన్‌కే (సైట్ అడ్రస్ పేరు). యూట్యూబ్ ప్రసంగాలు, ఆరాధన వేళల క్యాలెండర్, మ్యాప్ తేలిగ్గా పెట్టగలిగాం. డొమైన్ సంఘం మెయిల్ ఐడీతోనే కొన్నాం, ఒక్కరి పేరు మీద ఉంటే రేపు వాళ్లు ఊరు మారితే ఇబ్బంది.

పేమెంట్ గేట్‌వే (సైట్‌లోనే డబ్బు తీసుకునే ఏర్పాటు) గురించి పడ్డ టెన్షన్ అనవసరం. కానుకలకు సంఘం ఖాతా యూపీఐ క్యూఆర్ చాలన్నారు పెద్దలు. మొన్న పాస్టర్ గారి అమ్మగారు ఫోన్‌లో మా సైట్ తెలుగులో చదువుకున్నారు, చాలా సంతోషమేసింది. సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు.