అమ్మానాన్నలతో వీధి చివర చైనీస్ బఫేకి: అమ్మ ఏం తినగలదు?

పెయర్‌ల్యాండ్ తెనాలోడు

అందరికీ నమస్కారం. ప్రశ్న చిన్నదే, కానీ మా ఇంట్లో నాలుగు రోజులుగా దీని మీదే పంచాయితీ.

మేం హ్యూస్టన్‌కి దక్షిణాన పెయర్‌ల్యాండ్‌లో ఉంటాం. అమ్మానాన్న తెనాలి నుంచి వచ్చి ఆరు వారాలైంది. మా అపార్ట్‌మెంట్ గేటు దాటి ఐదు నిమిషాలు నడిస్తే ఒక షాపుల వరస ఉంది. లాండ్రీ, గోళ్ల రంగుల సెలూను, మూతపడిన వీడియో గేముల కొట్టు, ఆ చివర ఒక చైనీస్ బఫే. బోర్డులో ఒక అక్షరం వెలగదు. సీట్ల రెక్సిన్ చిరిగిన చోటల్లా నల్ల టేపు. పెళ్లికి ముందు వండుకోవడానికి బద్ధకమేసిన రోజుల్లో నేను వెళ్లేవాణ్ణి, ఈమధ్య వెళ్లలేదు.

నాన్న ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు. కారు లేకుండా ఆయన తనంతట తాను వెళ్లగలిగిన చోటు ఇక్కడ ఆ షాపుల వరస ఒక్కటే. సాయంత్రం వాకింగ్‌కి వెళ్తే, బఫే వెనక గుమ్మం దగ్గర ఒక పెద్దాయన బకెట్ బోర్లించుకుని కూర్చుని బీన్స్ కాయల కొనలు తుంచుతూ కనిపిస్తాడట. ఓనరుకి తండ్రో, మామగారో తెలీదు. మొదటి వారం ఇద్దరూ తలలూపుకున్నారు. రెండో వారం నాన్న పక్కన ఇంకో బకెట్ మీద కూర్చున్నారు. ఆయనకి ఇంగ్లిష్ రాదు, నాన్నకి వచ్చిన ఇంగ్లిష్ ఆయనకి పనికిరాదు. అయినా రోజూ అరగంట కూర్చుని బీన్స్ తుంచి వస్తున్నారు. ఇంటికొచ్చి "ఇవాళ రెండు పెట్టెలు అయ్యాయి" అని ట్రిప్పు షీటు అప్పజెప్పినట్టు చెప్తారు. ఇంట్లో ఏనాడూ కరివేపాకు దూయని మనిషి అని అమ్మకి మంట.

ఇప్పుడు నాన్న పట్టేమిటంటే, "రోజూ పలకరించే మనిషి కొట్లో ఒక్క పూటైనా తినకపోతే ఏం బావుంటుందిరా?"

చిక్కు అమ్మతో. నేను ఇంటర్లో ఉండగా బండి మీంచి పడి, నాలుగు రోజులు ఐసీయూలో ఉన్నాను. అప్పుడు తిరుపతి మొక్కు మొక్కి మాంసం, చేప, గుడ్డు అన్నీ మానేసింది. నా కోసం మానేసిన మనిషికి "ఏం కాదులే, పక్కన పెట్టి తిను" అని నేను ఏ నోటితో చెప్పను? పైగా ఒకసారి వేరే ఊళ్లో ఇలాంటి బఫేలోనే వెజిటబుల్ అని రాసిన నూడుల్స్‌లో నాకే చిన్న రొయ్య తగిలింది.

కాబట్టి అడిగేది: అమ్మ ధైర్యంగా తినగలిగేవి అక్కడ ఏముంటాయి? ఏ టైముకి వెళ్తే వేడిగా ఉంటాయి? మనమే వడ్డించుకుంటాం కదా, టిప్పు ఎంత పెట్టాలి? రాత్రి భోజనం మనిషికి 15.99. నాన్న దాన్ని 85తో గుణించి "పదమూడు వందల అరవై" అని ఒక నిమిషం మాట్లాడలేదు. తర్వాత "మంచూరియా ఉంటుందిగా?" అన్నారు. ఉండదని చెప్తే నమ్మట్లేదు. మంచూరియా లేని చైనా హోటలేంటి అంటారు.

కొలంబస్ పిన్ని

బాబూ, నేను ఇక్కడికొచ్చి 22 ఏళ్లు, పుట్టుకతో శాకాహారిని. ఆఫీసువాళ్లతో ఇలాంటి బఫేలకి వెళ్లీ వెళ్లీ నేర్చుకున్నవి చెప్తాను.

సూపులు వదిలెయ్యండి. హాట్ అండ్ సోర్ సూపులో పైకి టోఫూ, పుట్టగొడుగులే కనిపించినా అడుగున ఉన్నది ఎక్కువగా కోడి నీళ్లో, పంది నీళ్లో. పైగా గుడ్డు తీగలు. ఫ్రైడ్ రైస్‌లో గుడ్డు ఖాయం. మీ నాన్నగారు తుంచిన బీన్స్ కూడా జాగ్రత్త, నిగనిగలాడుతున్నాయంటే చాలాచోట్ల ఆయిస్టర్ సాస్ (ఆల్చిప్పల నుంచి తీసేది) వేస్తారు. ఎగ్ రోల్‌లో పంది, రొయ్య ఉంటాయి. స్ప్రింగ్ రోల్ లోపల క్యాబేజీయే అయినా రొయ్యలు వేయించిన నూనెలోనే వేయిస్తారు, అది మీ అమ్మగారి పట్టింపుని బట్టి. ఎవరూ చెప్పని ఇంకోటి: ఎర్రగా పచ్చగా ముక్కలు కోసి పెట్టే జెల్లో. దాంట్లో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల తోలు, ఎముకల నుంచి తీసేది. నేను ఆరేళ్లు హాయిగా తిన్నాను. తెలిసిన రోజు రాత్రి నిద్రపట్టలేదు.

ఇక తినగలిగేవి. తెల్లన్నం, పళ్లు, డబ్బా లీచీలు, పంచదారలో దొర్లించిన డోనట్లు (నూనె సంగతి మళ్లీ మీ ఇష్టం). అసలు ఉపాయం వేరే ఉంది. చాలా బఫేల్లో ఒక మూల పచ్చి కూరముక్కలు పెడతారు, మనం ఏరి ఇస్తే పెద్ద పెనం మీద వేయించి ఇస్తారు. పెనం గీకి కడిగి చెయ్యమని అడగండి, మొహమాటపడొద్దు. అది లేకపోతే వంటింట్లోంచి విడిగా బుద్ధాస్ డిలైట్ చేసిస్తారేమో అడగండి. చైనా బౌద్ధుల శాకాహార వంట అది. వాళ్ల భాషలో శాకాహారాన్ని "సూ" అంటారు, ఆ ఒక్క మాట చాలా పనిచేస్తుంది. నిజానికి వాళ్ల గుళ్ల వంటలో ఉల్లి, వెల్లుల్లి కూడా నిషిద్ధమే, మన ఏకాదశి వంట లాగా.

టిప్పు పది శాతం. ప్లేట్లు తీసేది, నీళ్లు పోసేది మనుషులేగా.

కేటీ రాజు

టైం సంగతి నేను చెప్తా. శనివారం సాయంత్రం ఆరు, ఆరున్నరకి వెళ్లండి. జనం ఉంటేనే ట్రేలు ఖాళీ అవుతాయి, ఖాళీ అయితేనే కొత్తవి వస్తాయి. జనం లేని బఫేకి ఎప్పుడూ వెళ్లొద్దు. ఇక్కడి హోటళ్లకి పెట్టిన ఫుడ్ కోడ్ ప్రకారం వేడి పదార్థాలు 57 డిగ్రీల సెల్సియస్‌కి తగ్గకూడదు, చల్లనివి 5కి మించకూడదు. మనం థర్మామీటరు పట్టుకెళ్లలేం కదా, ట్రే మీద ఆవిరి చూడండి. పైన పొర కట్టి, అంచులు ఎండిపోయిన వాటి జోలికి పోవద్దు. సుషీ (పచ్చి చేప పెట్టిన అన్నం ముద్దలు) మూసేవేళకి అస్సలు వద్దు.

ఇంకోటి, రెండోసారి వెళ్లినప్పుడు కొత్త ప్లేటే తీసుకోవాలి. తిన్న ప్లేటుతో వెళ్లకూడదని అదే కోడ్‌లో ఉంది. మా అమ్మకి ఇది చెప్తే "అయితే వీళ్లకీ ఎంగిలి ఉందన్నమాట" అని తెగ మురిసిపోయింది.

డాలస్ మొహమాటం లేనోడు

ఆ 48 డాలర్లకి ఇంట్లో రెండు వారాల కూరలొస్తాయి. ఆంటీగారు తెల్లన్నం, డబ్బా లీచీ తినడానికి 16 డాలర్లా? అంకుల్ ఒక్కరినీ తీసుకెళ్లు బ్రో.

జెర్సీ సిటీ మాస్టారు

మంచూరియా మాట మీ నాన్నగారికి ఇలా చెప్పండి. అది చైనాది కాదు, మనదే. కలకత్తాలో పుట్టిన చైనీయుడు నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయిలోని క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియా వంటింట్లో మొదట చేశానని చెబుతారు. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి మన పోపులోవి, సోయా సాస్ వాళ్లది. అమెరికా చైనీస్‌కి కూడా అలాంటి సొంత బిడ్డ ఒకటుంది, జనరల్ సోస్ చికెన్. జనరల్ సో అంటే 1885లో పోయిన, చైనాలోని హునాన్‌కి చెందిన సేనాని. ఆయన దీన్ని ఎరగడు. పెంగ్ చాంగ్‌క్వెయ్ అనే వంటమాస్టరు 1950లలో తైవాన్‌లో చేశాడు, అప్పుడు అందులో తీపి లేదు. న్యూయార్క్ చేరాక పంచదార ఎక్కింది.

ఆ వెనక గుమ్మం పెద్దాయన చైనాలోని ఫుజియాన్ రాష్ట్రం వాడై ఉండొచ్చు. ఈ దేశంలో బఫేలు నడిపేవాళ్లలో అక్కడి ఫుజో నగరం చుట్టుపక్కల ఊళ్లవాళ్లే ఎక్కువ. మా దగ్గర నది దాటితే మన్‌హాటన్, అక్కడ ఈస్ట్ బ్రాడ్‌వేలో వీళ్లకి పనులు చూపించే ఏజెన్సీలు వరసగా ఉండేవి. కాగితాల మీద ఊరి పేరు బదులు ఫోన్ ఏరియా కోడ్ రాసేవారు. 281కి (అంటే మీ హ్యూస్టన్ వైపు) వంటవాడు కావాలి, జీతం ఇంత. అంతే. ఆ నంబరు ఏ ఊరిదో కూడా తెలియకుండా రాత్రి బస్సెక్కేవారు. కన్సల్టెన్సీ చెప్పిన ఊరికి సూట్‌కేసు పట్టుకుని వెళ్లిన మనవాళ్లకి ఇది వేరే చెప్పనక్కర్లేదు.

పెయర్‌ల్యాండ్ తెనాలోడు

అందరికీ థాంక్స్. నిన్న వెళ్లొచ్చాం. రాజుగారూ, మీ మాట వినలేదు, తిట్టుకోకండి. లంచ్ రేటు 11.99 మూడున్నర దాకా ఉంటుందని నాన్న బోర్డు చదివి కనిపెట్టారు. మూడింటికల్లా లోపల ఉన్నాం. మాతో కలిపి మూడు టేబుళ్లే నిండాయి. మీరన్న ఎండిన అంచులు కొన్ని ట్రేల్లో కనిపించాయి కూడా.

నాన్న ముందు బీన్స్ ట్రే దగ్గరికెళ్లి ఒక కాయ గరిటెతో పైకెత్తి చూశారు. "ఇది నేను తుంచింది కాదు, కొన వదిలేశారు" అన్నారు. పెంకుతో వేయించిన రొయ్యలు మూడు ప్లేట్లు తిన్నారు. ప్రతిసారీ కొత్త ప్లేటే. జనరల్ సోస్ చికెన్ ఒక ముక్క నోట్లో పెట్టుకుని "బెల్లం పాకంలో ముంచిన కోడి" అని పక్కకి నెట్టారు. తర్వాత చొక్కా జేబులోంచి చిన్న పొట్లం తీశారు. ఇంటి కారప్పొడి. నేను చుట్టూ చూసేలోపే చల్లుకోవడం అయిపోయింది. బయటి తిండి తేకూడదని గోడ మీద రాసుంది నాన్నా అంటే, "ఇది తిండి కాదు, కారం" అన్నారు.

అమ్మ తెల్లన్నం, రెండు నారింజ ముక్కలు పెట్టుకుని కూర్చుంది. ఏరి ఇస్తే వేయించే మూల అక్కడ లేదు. బుద్ధాస్ డిలైట్ అడిగితే కౌంటరు అమ్మాయి టోఫూ అయిపోయిందంది. నాకు గొంతు దిగడం లేదు. అమ్మ మాత్రం వంటింటి గుమ్మం పక్కన గుండ్రటి టేబుల్ వైపే చూస్తోంది. పనివాళ్లు ఐదుగురు, ఆ పెద్దాయన, అప్పుడే భోజనానికి కూర్చున్నారు. బఫేలోది ఒక్క గరిటె లేదు. గిన్నెల్లో అన్నం, ఆవిరి మీద ఉడికించిన చేప, ఏదో పల్చటి సూపు, పెద్ద పళ్లెంలో ఆకుకూర.

"చూశావురా, వాళ్లు తినేది వేరే, మనకి పెట్టేది వేరే. నాకు ఆ ఆకుకూర కావాలని అడుగు" అంది.

అమ్మా, అది వాళ్ల భోజనం, బావుండదు అన్నాను. నేను అంటూనే ఉన్నాను, నాన్న లేచి వెళ్లిపోయారు. పెద్దాయన భుజం మీద తట్టి, పళ్లెం వైపు, అమ్మ వైపు వేలు చూపించారు. పిన్నిగారు చెప్పిన "సూ" అన్నారు, రెండుసార్లు. పెద్దాయన ఏదో గట్టిగా లోపలికి కేకేశాడు. ఐదు నిమిషాల్లో వేరే పళ్లెంలో వేడివేడిగా వచ్చింది. ముదురాకుపచ్చ ఆకులు, పొడుగు కాడలు, చితక్కొట్టిన వెల్లుల్లి. అందులో ఏ పొడి వేశారో నేను అడగలేదు. అడిగితే అమ్మ మానేస్తుందని భయమేసింది. పిన్నిగారూ, మీరు జెల్లో తిన్న ఆరేళ్లలో ఇది కూడా కలుపుకోండి.

అమ్మ ఒక కాడ తీసి వేళ్ల మధ్య నొక్కింది. లోపల బోలు. "ఇది తూటికూర రా! మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో కాలవ గట్టున పెరిగేది. పప్పులో వేసేది. నలభై ఏళ్లైంది తిని." పళ్లెం మొత్తం ఖాళీ చేసింది. బిల్లులో ఆ పళ్లెం వెయ్యలేదు. పానీయాలు తీసుకోలేదు, ముగ్గురికీ పన్నుతో 39 దాకా అయింది, ఆరు డాలర్లు టిప్పు పెట్టాను. డాలస్ బ్రో, అంకుల్ ఒక్కరినీ తీసుకెళ్తే ఇదంతా జరిగేదా చెప్పు?

ఇప్పుడు కొత్త సమస్య. ఆ ఆకు ఎక్కడ దొరుకుతుందో కనుక్కోమని పొద్దుట్నుంచి అమ్మ గొడవ. ఇండియన్ స్టోర్లో లేదు.

కేటీ రాజు

అది మీ ఇంటి పక్కనే పండుతుంది స్వామీ! మీకు దక్షిణాన రోషరాన్ అని చిన్న ఊరుంది, అక్కడ కంబోడియా కుటుంబాలు గ్రీన్‌హౌసుల్లో పండించేది ఇదే. వాళ్లు ట్రకూన్ అంటారు. చైనావాళ్ల పేరుకి అర్థం బోలు గుండె కూర అట. మన తూటి కూడా అదేనేమో, తూటు అంటే బెజ్జం కదా. వియత్నాం, చైనా సూపర్ మార్కెట్లలో కట్టలు కట్టి అమ్ముతారు, ఇంగ్లిష్‌లో వాటర్ స్పినాచ్ అని అడగండి. ఒక్క మాట. కాలవల్లో అడ్డూఅదుపూ లేకుండా పాకుతుందని ఇది ఫెడరల్ కలుపు మొక్కల జాబితాలో ఉంది. పర్మిట్ లేకుండా రాష్ట్రం దాటించకూడదు. తినడానికి కొనుక్కోండి, కాడలు మాత్రం బయట చెరువులో పడెయ్యనివ్వకండి.

పెయర్‌ల్యాండ్ తెనాలోడు

మీరు ఈ మాట పెట్టేసరికే రెండు కాడలు మా బాల్కనీలో గ్లాసు నీళ్లలో ఉన్నాయి. పెద్దాయన ఇచ్చాడని నాన్న పొద్దున తెచ్చారు. అమ్మని చెరువు వైపు వెళ్లనివ్వను లెండి.